గూఢలిపి విద్య

గూఢలిపి విద్యను విశ్వవిద్యాలయములందు బోధించుట దొంగలచేతికి దివిటీ నిచ్చుటయే యని కొందఱు శంకించుచున్నారు. ఈ శంక నిర్మూలమని మా యభిప్రాయము. తాళపుచెవి వంటి రహస్యపదము తప్ప పద్ధతియంతయు శత్రువునకు దెలిసినను రహస్యము నిలువవలయునని కెర్కాఫ్సు పండితుడు 1883లోనే చెప్పెను. 2001లో అమెరికా ప్రభుత్వము ప్రమాణముగా గైకొన్న గూఢలిపి యిరువురు బెల్జియము పండితుల కల్పన. లోకమెల్ల బరీక్షించిన పిదపనే యది యామోదము వడసెను. నేడు బ్యాంకులలోని మన సొమ్మునకు ఇట్టి లిపులే కాపలా. ఛాయాచిత్రములో వార్తను మఱుగుపఱుచు విద్యయు నంతే: దాచు తెఱంగెఱుగని పోలీసు దానిని బట్టుకొనజాలడు.

2015 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము వెలువరించిన ముసాయిదా, పౌరులు తమ గూఢసందేశముల మూలప్రతులను 90 దినములు దాచియుంచవలెనని విధింపబూనెను! ప్రజలు గగ్గోలు పెట్టగా గొలది దినములలోనే దానిని ఉపసంహరించుకొనిరి. ఈ శాస్త్రము నెఱిగిన పట్టభద్రులు నలుగురు దానిని ముందుగా జదివియుండినచో నట్టి వ్రాత బయలు వెడలియుండునా? దాచుటయు వెదకుటయు నొక్క తరగతిలోనే నేర్పవలయును.