మన తరువాత ఈ బిడ్డకు దిక్కెవరు?



వయస్సు వచ్చినా డబ్బు లెక్కలు, సంతకాలు ఒంటరిగా చూచుకోలేని కుమారుణ్ణో, కుమార్తెనో కంటికి రెప్పలా కాచుకొంటున్న తలిదండ్రులు మన సంఘాల్లో ఎందరో ఉన్నారు. “మా తరువాత దిక్కెవరు?” అన్నదే వారి దిగులు. ఈ నెల ఆ సంగతే మాట్లాడుకొందాం.

18 ఏళ్ళు నిండితే ఏ బిడ్డయినా చట్టం దృష్టిలో పెద్దవారే. ఆపైన బిడ్డకు బదులు కన్నతల్లి సంతకం పెట్టినా చెల్లదు. బ్యాంకులో బిడ్డ పేర సొమ్మున్నా, పొలంలో వాటా ఉన్నా, “సంరక్షకులని కాగితం ఏదీ?” అని అడుగుతారు.

ఇందుకోసమే 1999లో నేషనల్ ట్రస్ట్ చట్టం వచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు గలవారికి ఇది వర్తిస్తుంది. సంరక్షకుణ్ణి నియమించేది జిల్లాలోని స్థానిక స్థాయి కమిటీ. అందులో కలెక్టరు, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి, వైకల్యం గల ఒక వ్యక్తి ఉంటారు.

తలిదండ్రులు గాని, బంధువులు గాని దరఖాస్తు పెట్టవచ్చు. తాము నమ్మిన మరొకరి పేరైనా ఇవ్వవచ్చు. వైకల్య ధ్రువపత్రం, వయస్సు రుజువు, గుర్తింపు కాగితాలు సిద్ధం చేసికొని, జిల్లా వికలాంగుల సంక్షేమ కార్యాలయంలో విచారించండి.

కమిటీ రెండు సంగతులు చూస్తుంది: సంరక్షకుడు అవసరమా? అవసరమైతే ఏయే పనులకు? తన ఇష్టాయిష్టాలు చెప్పగల బిడ్డ నోరు మూయించడానికి కాదు ఈ ఏర్పాటు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడ ఆ వ్యక్తితో కలిసి నిర్ణయించే పరిమిత సంరక్షకత్వాన్నే చెబుతున్నది. గనుక ఎవరి దగ్గర ఉండడం ఇష్టమో ముందుగా బిడ్డనే అడగండి.

సంరక్షకుడు ఆస్తికి యజమాని కాడు. నియమించిన 6 నెలలలోగా బిడ్డ ఆస్తి, అప్పుల జాబితా ఇవ్వాలి. ఏటేటా ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలలలోగా లెక్క చూపాలి. చెల్లెలి వాటా మెల్లగా అన్నల పొలంలో కలిసిపోవడం మన ఊళ్ళలో ఎరుగని సంగతి కాదు. నిర్లక్ష్యం చేసినా, బాధపెట్టినా, ఆస్తి కాజేసినా తలిదండ్రులు, బంధువులు కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. విచారించి సంరక్షకుణ్ణి తొలగించే అధికారం కమిటీకి ఉన్నది.

తలిదండ్రులారా, మీరు బ్రతికి ఉండగానే ఈ పని చేయండి. మిగిలిన పిల్లలను, కోడళ్ళను, అల్లుళ్ళను కూర్చోబెట్టి, ఎవరు ఏ భారం మోస్తారో విప్పి మాట్లాడండి. మాట ఇచ్చినవారు నిజంగా మోయగలరా అనికూడ చూడండి. మొగమాటానికి తలూపినవారిని నమ్ముకొంటే నష్టపోయేది బిడ్డే.

సంఘ పెద్దలకు ఒక మనవి. చదువురాని విధవరాలైన తల్లి కలెక్టరాఫీసుకు ఒంటరిగా పోలేదు. దరఖాస్తు నింపిపెట్టి, ఒక పూట పని మానుకొని ఆమె వెంట బస్సెక్కండి. ఆ తల్లికి కావలసిన సహాయం అదే.