హాల్లో ఆల్ప్స్

పోయిన ఆదివారం నిజాంపేటలో మా బంధువుల గృహప్రవేశం. ఎనిమిదో అంతస్తు. పాలు పొంగాయి, వ్రతం అయింది. భోజనాలకు ముందు అందరినీ హాల్లో ఒక గోడ ముందు నిలబెట్టారు. గోడ నిండా మంచుకొండ. కింద నీలి సరస్సు, ఒడ్డున ఎర్రాకుల మేపుల్ చెట్లు, నీళ్లలో రెండు హంసలు. "ఎలా ఉంది బాబాయ్?" అన్నాడు మావాడు. చెయ్యి తిరిగిన పనే, అబద్ధమెందుకు. "ఎక్కడిదిరా ఈ కొండ?" అంటే, "ఏమో, నెట్‌లో దొరికింది" అన్నాడు.

ఆల్ప్సే అనుకుందాం. బాల్కనీలోకి వెళ్తే కింద పొక్లెయినర్ రాతిగుట్టను తొలుస్తోంది. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు అది. దాని ముందు ఆల్ప్స్ నిన్న పుట్టిన పిల్ల. కిటికీలో ఉన్న కొండను పిండి కొట్టి, గోడ మీద ఊరూ పేరూ తెలియని కొండను నిలబెట్టుకున్నాం.

ఇంట్లో చెట్టూ చేమా గీయించుకోవడం మీద నాకు కోపం లేదు. రోము చక్రవర్తి అగస్టస్ భార్య లివియా రెండు వేల ఏళ్ల కిందటే ఒక గది నాలుగు గోడలకూ తోట వేయించుకుంది. అందులో ఉన్నవి దానిమ్మ, గన్నేరు లాంటివి, ఆ దేశంలో పెరిగేవే. మన సవరలు ఇంటి లోపలి గోడకు ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి తెలుపుతో చెట్లు, కోతులు, ఏనుగులు గీస్తారు. అది వాళ్లకు అలంకారం కాదు, దేవుళ్లకూ పెద్దలకూ పెట్టే మొక్కు. కొండ కిందికి సైకిలూ విమానమూ వస్తే వాటినీ గోడెక్కించారు. కళ్లతో చూసిందే గీశారన్నమాట. లేపాక్షి చిత్రకారులైతే నీలం జోలికి దాదాపు పోకుండానే పైకప్పు నింపారు. మావాడి గోడకు డబ్బాల కొద్దీ నీలం పట్టింది.

తెలంగాణకు జమ్మి, పాలపిట్ట, తంగేడు. ఆంధ్రకు వేప, రామచిలుక, మల్లె. ప్రభుత్వాలు ఉత్తర్వులిచ్చి మరీ మన చెట్టునూ పిట్టనూ పువ్వునూ గుర్తు చేశాయి. నేను చూసిన ఏ హాల్లోనూ వీటిలో ఒక్కటీ లేదు. తంగేడుకన్నా మంచి పసుపు ఏ డబ్బాలో ఉంది? దీని మీద వాస్తు ఒకటి. జలపాతం ఏ దిక్కున ఉండాలో, ఏడు గుర్రాలు ఏ వైపు పరుగెత్తాలో చెప్పేవాళ్లున్నారు. గోడలో చెమ్మ ఉందా అని అడిగేవాడు లేడు.

పెయింటర్ అడిగాడట. భోజనాల దగ్గర చివరి వరసలో కూర్చున్న మనిషిని పట్టుకున్నాను. పైన ఆకాశంతో మొదలుపెట్టి కిందికి దిగుతాడు. దూరపు కొండకు తెలుపు ఎక్కువ కలుపుతాడు, దగ్గరి చెట్టుకు ముదురు వేస్తాడు, ఆకుల్ని స్పాంజి ముక్కతో అద్దుతాడు. గోడ ఇంకా ఆరలేదని చెప్పినా ముహూర్తం ముంచుకొస్తోందని తొందరపెట్టారు. వానాకాలానికి హంసల దగ్గర పొట్టు లేస్తుందని అతనే అన్నాడు. ఈ మంచుకొండలు మీకెందుకు తోచాయని అడిగాను. "నాకేడ తోస్తయి సార్? ఫోన్ చూపిస్తరు, ఇట్లనే దించమంటరు." మీ ఇష్టానికి వదిలేస్తే? "చెర్వు కట్ట సార్. కట్ట మీద తాళ్లు. చూడకుంటనే గీస్త."

ఒకప్పుడు ఇలాంటి పెయింటర్ల చెయ్యి షట్టర్ల మీద, బస్టాండు గోడల మీద తెలుగు అక్షరాలు రాసింది. ఫ్లెక్సీ వచ్చి దాన్ని ఊరి నుంచి తరిమేసింది. కుంచె పట్టినవాడు 'క'కు తలకట్టు ఎంత వంపు తిరగాలో ఆలోచించేవాడు. ఫ్లెక్సీలో అన్ని ఊళ్లకూ ఒకటే 'క', అందులోనూ ఒత్తు ఒక చోట, అక్షరం ఒక చోట. పుట్టినరోజు నాయకుడి నవ్వు మాత్రం సరిగ్గా పడుతుంది. ఫ్లెక్సీలు నిషేధిస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022లో ప్రకటించింది. ఏమైందో ఏ కూడలిలో నిలబడినా కనిపిస్తుంది.

మీ ఊళ్లో బోర్డులు రాసిన పెయింటరు ఇంకా ఉంటే, ఈసారి ఇంటికి రంగులేయించేటప్పుడు ఒక గోడ అతనికి వదిలేయండి. ఆరనిచ్చి మరీ ఇవ్వండి. ఫోను మాత్రం చూపించకండి.