బుగులుకు గోలీ దొరుకుతది, మాట దొరుకుతలేదు

మా దోస్తు కొడుకు ఒకడున్నడు. నన్ను కాకా అని పిలుస్తడు. ఇంజినీరింగ్ రెండో సంవత్సరంల ఉండంగ కాలేజీకి పోవుడు బంద్ వెట్టిండు. మార్కులు తక్కువొచ్చి కాదు. క్లాసుల పది నిమిషాలు నిలవడి సెమినార్ చెప్పాలన్నరు, అంతే. ఆ మాట విన్నకాడికెల్లి పొద్దుగాల లేవంగనే కడుపుల దేవుడు, అరచేతులకు చెమటలు, గుండె దడ. బస్టాండ్ దాంక పోయి మళ్ల ఇంటికొస్తుండె.

వాళ్ల నాయిన ఆటో నడుపుతడు. "అన్నా, నువ్వు సభలల్ల మాట్లాడెటోనివి, వానికి జర ధైర్యం చెప్పరాదే" అన్నడు. నాకు తెలిసిన ధైర్యం ఒక్కటే, మైకు. ఏప్రిల్ 14న అంబేడ్కర్ జయంతి సభల, ముందుగాల ఒక్క మాట చెప్పకుంట వాని పేరు పిలిచిన. వాడు వచ్చి మైకు పట్టుకున్నడు. చెయ్యి వణుకుతుంటే మైకుల గరగర సప్పుడు. నిమిషం సేపు నోట్లెకెల్లి మాట రాలే. ముందు వరుసల ఎవరో నవ్విన్రు. వాడు మైకు కింద వెట్టి వేదిక వెనకకెల్లి దిగిపోయిండు. ఆ తర్వాత నాలుగు నెలలు గడప దాటలే.

వాన్ని అడిగి, వాడు ఒప్పుకున్నంకనే ఈ ముచ్చట రాస్తున్న. పేరు, ఊరు రాస్తలేను. రాసుడెందుకంటే, అప్పుడు నేను జేసిన తప్పు మన ఇండ్లల్ల, బడులల్ల, సంఘాలల్ల రోజూ జరుగుతున్నది.

సిగ్గు వేరు, ఇది వేరు

మనకు ఇసొంటి పిల్లల గురించి తయారుగ ఉన్న మాటలు శానా ఉన్నయి. మొహమాటపోడు, నలుగుట్ల కలవడు, ఆడపిల్ల లెక్క సిగ్గువడతడు. ఆడపిల్లైతే ఇంకా మెచ్చుకుంటం, తలెత్తి మాట్లాడది, మంచిపిల్ల అని. ఆ పిల్ల లోపట బుగులుతోని సస్తున్నదన్న సంగతి ఎవ్వలికీ పట్టది.

డాక్టర్లు దీనికి పెట్టిన పేరు సోషల్ యాంగ్జైటీ డిసార్డర్. అమెరికా మానసిక వైద్యుల సంఘం 1980లనే తన రోగాల పుస్తకంల దీన్ని సోషల్ ఫోబియా పేరుతోని ఎక్కించింది. సిగ్గున్న మనిషి కొత్తోళ్ల నడుమ పావుగంట ఇబ్బంది పడి తర్వాత కలుస్తడు. ఈ రోగమున్నోడు వారం ముందుకెల్లే భయపడతడు, అయిపోయినంక ఇంకో వారం "నేనెట్ల కనవడ్డనో" అని కుములుతడు. ఆఖరికి ఆ పనే మానుకుంటడు. చదువు, కొలువు, పెండ్లి మాట, దవాఖానకు పోవుడు, అన్నీ ఒకటెనుక ఒకటి మానుకుంటడు.

ఇది ఎక్కువగ పదమూడు, పద్నాలుగేండ్లకు అటు ఇటుగ మొదలైతది. చిన్నప్పటి సంది ఉంటది గనుక ఇంట్లోళ్లే కాదు, ఆ మనిషి గూడ ఇది నా గుణమే అనుకుంటడు. గుణానికి మందేముంటదని ఊకుంటడు. ఏండ్లకేండ్లు ఎవ్వలకూ చెప్పకపోవుడుకు అసలు కారణం గదే.

గోలీ ఏం జేస్తది, ఏం జెయ్యది

నాలుగు నెలలకు వాన్ని జిల్లా సర్కారు దవాఖానకు తోల్కపోయినం. లైన్ల మూడు గంటలు నిలవడితే డాక్టరు ముందల అయిదు నిమిషాలు. ఆయన తప్పు లేదు, బయట ఇంకో యాభై మంది ఉన్నరు. ఎస్సిటలోప్రామ్ రాసిచ్చిండు.

ఈ రోగానికి ఎక్కువగ వాడేటివి ఎస్ఎస్ఆర్ఐ జాతి మందులు, ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్, పారాక్సిటిన్ అసొంటివి. ఇవి మత్తు మందులు కావు. తలకాయనొప్పి గోలీ లెక్క గంటల పనిజెయ్యవు. గుణం కనవడాలంటే రెండు వారాల సంది ఆరు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడతది. మొదటి రోజులల్ల కొందరికి వికారం, నిద్ర పట్టకపోవుడు, ఉన్న ఆరాటం ఇంకింత పెరుగుడు ఉంటది. ఇరవై అయిదేండ్ల లోపు పిల్లలకు ఈ మందులు షురూ జేసినప్పుడు సచ్చిపోవాలన్న ఆలోచనలేమన్న వస్తున్నయా అని ఇంట్లోళ్లు కనిపెట్టుకోని ఉండాలె, వస్తే దాచకుంట వెంటనే డాక్టరుకు చెప్పాలె. గుణం వచ్చినంక గూడ నెలలకొద్దీ వాడాలె. ఆపాలంటే డాక్టరు చెప్పినట్టు మెల్లగ తగ్గించుకుంట ఆపాలె, ఒక్కనాడు ఆపొద్దు.

ఇండ్ల ఒక్క ముక్క గూడ మాకు ఆ అయిదు నిమిషాలల్ల ఎవ్వలూ చెప్పలే. పదో రోజుకు "ఈ మందుతోని పోరనికి ఇంకా ఎక్కువైంది" అని వాళ్ల నాయిన గోలీలు పారెయ్యబోయిండు. నాకు తెలిసిన నర్సమ్మ ఒకామె ఫోన్ల సంజాయించబట్టి ఆగిండు. ఎంతమంది పదో రోజు పారేసి, మందు పనిజెయ్యదని ఊరంత చెప్తున్నరో!

ఏడో వారానికి వాడు అన్న మాట నాకు యాదున్నది. "కాకా, బుగులు పోలేదు గని సప్పుడు తగ్గింది" అన్నడు. గోలీ జేసేది అంతమట్టుకే. లోపటి లొల్లిని తగ్గిస్తది. జనం నడుమ ఎట్ల మెలగాల్నో అది నేర్పది.

మాటల వైద్యం అంటే ధైర్యం చెప్పుడు కాదు

నేర్పేది మాటల వైద్యం. ఇండ్ల ఈ రోగానికి బాగ రుజువైంది సీబీటీ అనేది. ఇంగ్లండు సర్కారు వైద్య మార్గదర్శకాలు 2013లనే చెప్పినయి, పెద్దోళ్లకు ముందుగాల ఈ రోగం కోసమే తయారుజేసిన సీబీటీ ఇయ్యాలె, అది వద్దనుకున్నోళ్లకు ఎస్సిటలోప్రామ్ లేదా సెర్ట్రలిన్ ఇయ్యాలె అని. మన దగ్గర అది తలకిందులైంది. గోలీ ముందు, మాట ఎప్పటికో, లేకుంటే ఎప్పటికీ లేదు.

డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ అనే ఇద్దరు ఇంగ్లండు సైకాలజిస్టులు 1995ల ఈ బుగులు ఎట్ల నడుస్తదో విడమరిచి చెప్పిన్రు. జనం ముందలికి రాంగనే ఈ మనిషి చూపు లోపటికి తిరుగుతది. నా చెయ్యి వణుకుతుందా, నా గొంతు ఎట్లున్నదని తన్ను తానే చూసుకుంటడు. లోపట ఎంత దడ ఉన్నదో బయటోళ్లకు గూడ అంతే కనవడుతున్నదనుకుంటడు. దాచుకునేతందుకు ఉపాయాలు జేస్తడు. మావోడు చెమట కనవడొద్దని నల్ల చొక్కాలే తొడుగుతుండె, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుంటుండె, ఒక్క మాట అడగాలంటే మనసుల పదిసార్లు అనుకుంటుండె. ఈ ఉపాయాలే రోగాన్ని సాదుతయి. "హెడ్‌ఫోన్ ఉండబట్టి బతికిన" అనుకుంటడు గని, లేకున్నా ఏం కాకపోవు అన్న సంగతి ఎన్నడూ తెలుసుకోడు.

మా జిల్లా దవాఖానల అప్పుడు సైకాలజిస్టు లేకుండె. హైదరాబాదుల ప్రైవేటుగ ఒకామె దొరికింది. ఒక్కసారి కూసుంటే వెయ్యిన్నర రూపాయలు. పద్నాలుగు వారాలకు 21 వేలు, బస్సు కిరాయిలు అలగ్. ఆటో తోలెటోనికి అదెంత భారమో లెక్క మీరే ఏసుకోండ్రి. సగం మేం నలుగురం దోస్తులం ఏసుకున్నం.

ఆమె వాన్ని మైకు ముందల నిలబెట్టలే. వానితోనే ఒక నిచ్చెన రాయించింది, తక్కువ బుగులు అడుగున, ఎక్కువ బుగులు పైన. మొదటి మెట్టు, బస్సుల కండక్టరును "ఇది ఏడికి పోతది" అని అడుగుడు. రెండోది, కిరాణ దుకాణంల ధర అడిగి ఏం కొనకుంట వచ్చుడు. తర్వాత హోటల్ల చాయ్‌ల చక్కెర తక్కువైందని చెప్పుడు. పోయే ముందు ఏం జరుగుతదనుకుంటున్నడో రాయాలె, వచ్చినంక ఏం జరిగిందో రాయాలె. "దుకాణపాయన తిడతడు" అని రాసుకోని పోయిండు. "ఆయన ఫోన్ల మాట్లాడుకుంటనే ధర చెప్పిండు, నా మొఖం గూడ చూడలే" అని రాసుకోని వచ్చిండు. ఒకనాడు వాడు మాట్లాడంగ వీడియో తీసి వానికే చూపెట్టింది. వాడు అనుకున్నంత వణుకు అండ్ల కనవడలే.

నేను జేసిందానికి, ఆమె జేసిందానికి ఫరకు ఏందో అప్పుడు సమజైంది. బుగులున్నకాడికి పోవుడు రెండిట్ల ఉన్నది. ఆమె దగ్గర మెట్టు వాడే ఎంచుకున్నడు, ఎందుకు ఎక్కుతున్నడో ఎరిగి ఎక్కిండు. నేను ఒక్కపారే పై మెట్టుకెల్లి నూకిన.

అసలు మందుకు ముందు కల్తీ మందు

బుగులుకు మనోళ్లు మందే వాడుతలేరనుకునుడు గూడ తప్పే. పెండ్లిల నలుగుట్ల మాట్లాడాలంటే ఓ క్వార్టర్ ఏసుకునెటోళ్లు లేరా? ఇంకో సంగతి చూడుండ్రి. మన తెలంగాణల కల్తీ కల్లు కేసులల్ల మళ్ల మళ్ల వినవడే పేరు అల్ప్రజోలం. అది ఆరాటానికి, భయానికి డాక్టర్లు రాసే గోలీయే. చెట్టుకు లేని కల్లును పొడితోని పుట్టిస్తున్నరు. కల్తీ కల్లు బందైనప్పుడల్ల పాలమూరు, ఇందూరు దిక్కు జనం చేతులు వణికి, ఫిట్స్ వచ్చి, పిచ్చి మాటలు మాట్లాడుకుంట దవాఖానలల్ల పడుడు మనం చూసినం. 2025 జూలైల కూకట్‌పల్లిల కల్తీ కల్లు తాగి మనుషుల పానాలే పోయినయి.

అల్ప్రజోలం, క్లోనజిపాం అసొంటివి గంటల దడ తగ్గిస్తయి. గందుకే అలవాటైతయి. కొన్ని రోజులకు అదే డోసు సాలది, ఒక్కనాడు ఆపితే పానం మీదికొస్తది. డాక్టరు చీటీ లేకుంట అమ్మొద్దన్న షెడ్యూల్ హెచ్1 రూలు 2014 సంది ఉన్నది. అయినా చీటీ లేకుంటనే అమ్మే మెడికల్ షాపులున్నయి. మెల్లగ పనిజేసే మంచి మందును "మెంటల్ గోలీ" అని ఇసిరికొట్టి, తొందరగ పనిజేసే ఈ మందును చెప్పకుంట మింగుతున్నం.

"ఇది రోగం కాదు, సమాజం" అనెటోళ్లకు

మా సంఘాల దోస్తులు ఒక మాట అంటరు, నేను గూడ అన్న. ఇదంత కులం జేసిన గాయం, ఇంగ్లీషు జేసిన అవమానం, దీన్ని రోగమని గోలీ ఇచ్చుడు సర్కారు తప్పించుకునుడే అని. ఇండ్ల నిజమున్నది. తెలంగాణ యాసను సినిమాలల్ల ఏండ్లకేండ్లు రౌడీకి, నవ్వులాటకు పెట్టిన్రు. ఊరిబడిల చదివిన దళిత పిల్లగాడు పట్నం కాలేజీల నోరు తెరిస్తే నవ్వినోళ్లు నిజంగనే ఉన్నరు. "ఎవ్వలూ నిన్ను చూస్తలేరు, అంత నీ ఊహ" అని వానికి చెప్పే వైద్యుడు వైద్యం చేస్తలేడు, గాయానికి నువ్వే కారణమంటుండు. మాటల వైద్యం మన పిల్లలకు పనికిరావాలంటే, ఏ నవ్వు నిజం, ఏ నవ్వు ఊహ అని ఏరు చేసే తెలివి దానికి ఉండాలె. అది మన భాషల, మన బతుకు తెలిసినోళ్లు జేస్తనే అయితది.

అయితే కిరాణ దుకాణంల నవ్వినోళ్లు లేరు గదా, ఆడ గూడ వాడు ఎందుకు వణికిండు? కాలు ఇరగ్గొట్టినోని మీద కొట్లాడాలె, కట్టు గూడ కట్టాలె. కొట్లాట గెలిచేదాంక కట్టు ఆపుమంటే ఆ పోరడు కొట్లాటకు గూడ రాలేడు.

సర్కారు ఏం జెయ్యాలె

2017ల చేసిన మానసిక ఆరోగ్య రక్షణ చట్టం 18వ సెక్షను ప్రతి మనిషికి సర్కారు మానసిక వైద్యం పొందే హక్కు ఇచ్చింది. అందుబాటు ధరల, దగ్గర్ల, మంచిగ ఉండాలన్నది, పేదోళ్లకు ఉచితమన్నది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 సంది నడుస్తనే ఉన్నది. నిమ్హాన్స్ 2015-16ల జేసిన జాతీయ సర్వే, రోగాన్ని బట్టి వందల 70 సంది 92 మందికి వైద్యం అందుతలేదని తేల్చింది. ఆ సర్వే 12 రాష్ట్రాలల్ల జరిగింది, అండ్ల తెలంగాణ లేదు, ఆంధ్ర లేదు. దేశంల లక్ష మందికి ఒక్క సైకియాట్రిస్టు గూడ లేడు.

2022 అక్టోబరుల టెలీ మానస్ పెట్టిన్రు, నంబరు 14416. తెలుగుల మాట్లాడతరు, పైసలు లేవు. మంచి పనే. కని ఫోన్ల కొత్తోళ్లతోని మాట్లాడుడే రోగమైన మనిషికి మనం ఫోన్ నంబరు ఇస్తున్నం. ఆ ఫోన్ ఇంట్లోళ్లన్న చెయ్యాలె, పక్కన కూసోనన్న చేయించాలె.

డాక్టర్లు పుట్టుకొచ్చేదాంక ఆగాల్నా? అక్కర లేదు. గోవాల సర్కారు పీహెచ్‌సీలల్ల, డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, దిగులు, ఆందోళన ఉన్నోళ్లకు కౌన్సెలింగ్ ఇప్పిచ్చిన్రు. బాగైనోళ్లు పెరిగిన్రని ఆ పరిశోధన 2010ల లాన్సెట్ పత్రికల వచ్చింది. అది ఈ ఒక్క రోగం మీద జేసింది కాదు గని, తొవ్వ చూపెడుతున్నది. మన గురుకులాలల్ల, సర్కారు జూనియర్ కాలేజీలల్ల, రోగం మొదలయ్యే ఈడుల పిల్లలు లక్షలల్ల ఉన్నరు. ఆడ శిక్షణ ఉన్న కౌన్సెలర్‌ను పెట్టాలె. జిల్లా దవాఖానల సైకాలజిస్టు కుర్చీ ఖాళీ ఉండొద్దు. గోలీ రాసినంక ఎట్ల వాడాల్నో తెలుగుల చెప్పే మనిషి ఒకరుండాలె. ఇయ్యి మూడు అడుగుదాం, కలెక్టర్ల ముందల, ఎమ్మెల్యేల ముందల.

సర్కారు చేసేదాంక మనం చేసేది గూడ ఉన్నది. ఎవ్వల పేరునూ అడగకుంట మైకుల పిలవొద్దు. నేను గది బంద్ వెట్టిన.

మావోడు ఏడాది పోయినా మళ్ల కాలేజీకి పోతుండు. పూర్తిగ బాగైండని చెప్పను, సెమినార్ ముందు రోజు ఇప్పటికీ నిద్ర పట్టదట. మొన్న సెమినార్ చెప్పి నాకు ఫోన్ జేసిండు. ఎట్లైందిరా అంటే, "చెయ్యి వణికింది కాకా, అయినా చెప్పిన" అన్నడు.