చావడిని కూల్చే ముందు

పంచాయతీకి కొత్త భవనం మంజూరైతే చాలా ఊళ్లలో మొదటి గునపం దెబ్బ పాత చావడి మీదే పడుతుంది. స్థలం ఊరి నడిబొడ్డున ఉంటుంది, అడ్డుచెప్పేవాళ్లూ ఉండరు. కర్ర స్తంభాలు, పెంకుల కప్పు, అరిగిన బండల అరుగు తప్ప చూపించుకోవడానికి అందులో ఏముందంటారు. పురాతన కట్టడాలపై 1958 నాటి కేంద్ర చట్టం నూరేళ్ల వయసునూ, చారిత్రక, కళాత్మక ప్రాముఖ్యాన్నీ అడుగుతుంది. ఆ లెక్కన కోటలూ గుళ్లూ జాబితాకెక్కుతాయి, చావడి ఎక్కదు. దాని విలువ అక్కడ జరిగిన పనిలో ఉంది. శిస్తు వసూళ్లు, గట్టు తగాదాలు, చెరువు నీటి వంతులు, రాత్రిళ్లు భజనలు, అన్నిటికీ ఆ అరుగే. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక చావడికి పని తగ్గింది, దాంతో మరమ్మతులూ ఆగాయి.

తమిళనాడులోని ఉత్తరమేరూరులో, పదో శతాబ్దంలో, మొదటి పరాంతక చోళుడి కాలాన, ఊరి సభకు సభ్యులను ఎంచుకునే నియమాలను సభామండపం గోడల మీదే చెక్కారు. లెక్కలు అప్పజెప్పనివాడూ, అతని దగ్గరి బంధువులూ మళ్లీ సభ్యత్వానికి అనర్హులన్నది వాటిలో ఒకటి. ఊరి పాలన గురించి ఇంత వివరం మనకు దక్కిందంటే గోడలు నిలిచినందువల్లే. మన చావళ్లలో చెప్పిన తీర్పుల్లో చాలావాటికి అలాంటి రాత లేదు. పెద్దవాళ్ల జ్ఞాపకమే వాటికి దస్తావేజు, ఆ జ్ఞాపకాన్ని కదిలించే చోటు చావడి.

ఆ అరుగు ఎవరిదని దళితులు అడుగుతారు, అడగాలి కూడా. ఎన్నో ఊళ్లలో వాళ్లను కింద నిలబెట్టే పంచాయితీ చెప్పారు. ఉత్తరమేరూరు నియమాలూ భూమి, వేదవిద్య ఉన్నవాళ్ల కోసమే. దాన్ని దాచి చావడిని పొగడడం అబద్ధమవుతుంది. అయితే కూల్చడం వల్ల ఆ వివక్షకు సాక్ష్యం కూడా చెరిగిపోతుంది. చావడిని బాగుచేసి గ్రామసభ అక్కడే పెడితే, నాడు కింద నిలబడ్డవాళ్ల మనవలు సర్పంచులుగా, వార్డు సభ్యులుగా అదే అరుగు మీద కూర్చుంటారు. నాకు ముఖ్యమనిపించేది ఇదే.

ఖర్చు మాట నిజమే గానీ, చాలాచోట్ల గోడను పాడుచేసేది మన సిమెంటే. సున్నపు గోడకు సిమెంటు పూస్తే చెమ్మ బయటికి పోలేక లోపలే నిలిచి గోడను తినేస్తుంది. గానుగ సున్నం పూసి, పగిలిన పెంకులు మార్చడంతోనే నిలబడే చావళ్లున్నాయి. కనీసం గ్రామసభ తీర్మానం లేకుండా, కొలతలూ ఫొటోలూ తీయకుండా, కిందా పైనా ఉన్న అందరి మాటా రికార్డు చేయకుండా ఏ చావడినీ కూల్చకూడదని పంచాయతీరాజ్ శాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి.