సత్యమనే దట్టి విప్పించిందెవరు?



మన గూడెం చర్చిల్లో ఏడాదికి రెండు మూడుసార్లయినా ఎఫెసీ పత్రిక ఆరో అధ్యాయం మీద ప్రసంగం ఉంటుంది. క్రైస్తవుడి బతుకంతా పోరాటమే, సర్వాంగ కవచం తొడుక్కోండి అంటారు అయ్యగారు. నిజమే. కానీ పోరాటం ఎవరితో అంటే సారాతో, సినిమాతో, సెల్‌ఫోనుతో అని చెప్పి ప్రార్థనలోకి పోతారు. సారా మానాల్సిందే, కాదనేదెవరు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్లు చేసిన పోరాటం ఏ ప్రసంగానికీ తీసిపోదు. అంతటితో సైతాను లెక్క తీరిపోయిందా?

పౌలు ఆ ఉత్తరం సంకెళ్లలో ఉండి రాశాడు. అసలు శత్రువు ఎదురుగా కనపడే మనిషి కాదు, వాడి వెనకుండి ఆడించే అధికారం అన్నాడు. ఈ దేశంలో ఆ అధికారం పేరు కులం. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. చచ్చిపోయినోళ్ల పేర్లలో బైబిలు పేర్లున్నాయి. బతికినోళ్లు చీరాల చర్చి ఆవరణలోకొచ్చి పడ్డారు. గొడ్డలి పట్టినోడు ఎవర్నీ బాప్తిస్మం తీసుకున్నావా అని అడగలేదు.

చట్టం మాత్రం అడుగుతుంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానోడు ఎస్సీ కాదు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. మనల్నీ, ముస్లింల్నీ బయటే ఉంచారు. క్రైస్తవుడినని చెప్పుకుంటే బీసీ-సీ, ఒక్క శాతం. 1989 అట్రాసిటీ చట్టం కూడా మనకు వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు కేసులో తేల్చేసింది. ఆ పేరా తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే రిపోర్టిచ్చినా పట్టించుకున్నోడు లేడు.

ఇప్పుడు చెప్పండి. కవచంలో పౌలు మొట్టమొదట చెప్పింది సత్యమనే దట్టి. మన పిల్లాడు ఆదివారం యోహాను, సోమవారం స్కూలు రిజిస్టర్లో వెంకటేశ్వర్లు. సర్టిఫికెట్ కోసం ఎమ్మార్వో ఆఫీసు మెట్లెక్కేటప్పుడు తల్లే వాడి మెళ్లో సిలువ తీసి కొంగున ముడేసుకుంటుంది. ఆ తల్లిని అబద్ధికురాలని పుల్పిట్ మీంచి తిట్టే అయ్యగార్లున్నారు. నేనొప్పుకోను. పిల్లాడి చదువు కోసం ఆమె చేసేదీ పోరాటమే. దట్టి ఆమె విప్పలేదు, విప్పించారు. విప్పించినోణ్ణి వదిలేసి ఆమె మీద పడటం ఏం ఆత్మీయత?

చర్చి లోపలి సంగతి చెప్పాలంటే ఈ కాగితం చాలదు. మాలలకో చర్చి, మాదిగలకో చర్చి. ప్రభువు బల్ల దగ్గర ఒకే రొట్టె, సంబంధం కలుపుకునే దగ్గర ఎవరి కులం వాళ్లది. మన పక్కన మనమే కూచోకుండా ఎవరి మీదికి పోదాం యుద్ధానికి?

ఆగస్టు 10ని చాలా సంఘాలు నల్లదినంగా జరుపుతున్నాయి. మీ చర్చిలో జరుగుతుందా? ఈసారి ఆ వారం ఎఫెసీ ఆరో అధ్యాయం చదివించి, దాని పక్కనే మూడో పేరా కూడా పైకి చదవమని అయ్యగార్ని అడగండి. ఆయన చదవనంటే యూత్ పిల్లలు లేచి చదవండి. మాల చర్చి, మాదిగ చర్చి ఆ ఒక్క ఆదివారమైనా ఒకే పందిట్లో కూచుంటే మరీ మంచిది.