విప్పి మోసుకెళ్లిన దీపస్తంభం

తీరప్రాంత కట్టడాలకు కేటాయించిన ఈ సంచికలో ఒక మాట ముందే చెప్పాలి. లైట్‌హౌస్‌ను స్థిరత్వానికి గుర్తుగా చెప్పుకోవడం మనకు అలవాటు. అమెరికాలోని దక్షిణ కరొలైనా తీరాన, హంటింగ్ ఐలండ్‌లో నిలిచిన స్తంభం మాత్రం కదలగలిగింది కాబట్టే బతికింది. అక్కడ 1859లో కట్టిన మొదటి స్తంభం అంతర్యుద్ధ కాలంలో పోయింది. కూల్చింది సైనికులా, సముద్రమా అన్న వాదన ఇంకా తెగలేదు. 1875లో మళ్లీ కట్టినవారు సముద్రాన్నే అనుమానించారు. పోత ఇనుప పలకలను బోల్టులతో బిగించి, కావాలంటే విప్పుకునేలా నిలబెట్టారు. ఆ ముందుచూపు 14 ఏళ్లకే అక్కరకొచ్చింది. ఒడ్డు కోసుకుపోవడంతో 1889లో స్తంభాన్ని విప్పి, సుమారు 2 కిలోమీటర్ల అవతల మళ్లీ బిగించారు. 1933 దాకా అక్కడే వెలిగింది.

ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టదా అంటే, పడుతుంది. రంగు వేస్తూ కనిపెట్టుకుని ఉండాల్సిందే. అయితే తుప్పును ఆపవచ్చు, పునాది కింద జారే ఇసుకను ఆపడం కష్టం. అమెరికా తీరానే ఉన్న కేప్ హాటెరస్‌ లైట్‌హౌస్ ఇటుక స్తంభాన్నీ 1999లో జరిపారు కదా అనవచ్చు. జరిపారు, కానీ విప్పే వీల్లేక దాదాపు 4,800 టన్నుల కట్టడాన్ని నిలువునా పట్టాల మీద సుమారు 880 మీటర్లు నెట్టుకుపోవాల్సి వచ్చింది. ఆధునిక యంత్రాలు లేని 1889లో అది ఎవరి తరమయ్యేది?