దవాఖానాకు మార్కులు వేసేదెవరు? అందులో కల్వకుర్తి రోగి మాట ఎంత?

నాగర్‌కర్నూల్, వనపర్తిలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. పెద్ద జబ్బు చేస్తే ఉస్మానియాకో, గాంధీకో పరుగెత్తడం అలవాటైన పాలమూరు జనానికి ఇది మంచి కబురే. కానీ నాయకుల ఉపన్యాసాల్లో వినిపించేది పడకల సంఖ్య, భవనాలు, కోట్ల లెక్క. లోపల వైద్యం ఎలా జరుగుతోంది, దాన్ని ఎవరు చూస్తున్నారు అని అడిగేవాళ్లు తక్కువ. వెల్దండ, వంగూరు, ఊర్కొండ, చారకొండ నుంచి కల్వకుర్తి ప్రభుత్వ దవాఖానాకు కాన్పు కోసం వచ్చే కుటుంబానికి కావాల్సిన జవాబు మాత్రం అదే.

చూసే ఏర్పాటు లేకపోలేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో జాతీయ నాణ్యతా ప్రమాణాలు తెచ్చింది. అధికారులు వీటిని ఎన్‌క్వాస్ అంటారు. అందే సేవలు, రోగి హక్కులు, సిబ్బంది-పరికరాలు, సహాయ సేవలు, వైద్యం, ఇన్ఫెక్షన్ నివారణ, నాణ్యత నిర్వహణ, ఫలితాలు అని ఎనిమిది విభాగాలు. ఒక్కో అంశానికి సున్నా, ఒకటి లేదా రెండు మార్కులు. పూర్తిగా ఉంటే రెండు, సగం సగం ఉంటే ఒకటి. జాతీయ సర్టిఫికెట్ రావాలంటే మొత్తం మీద కనీసం 70 శాతం దాటాలి. వచ్చిన సర్టిఫికెట్ మూడేళ్లే పనిచేస్తుంది. శుభ్రతకు 2015లో కాయకల్ప్ అవార్డులు, కాన్పు గదులకు 2017లో లక్ష్య కార్యక్రమం తోడయ్యాయి. పల్లెల్లోని ఉప కేంద్రాలను వీడియో ద్వారా పరీక్షించే పద్ధతి 2024లో మొదలైంది.

మార్కులు వేసేవాళ్లు నాలుగు దారుల్లో ఆధారాలు వెతుకుతారు. కళ్లతో చూస్తారు, సిబ్బందిని అడుగుతారు, రికార్డులు తిప్పుతారు, రోగులతో మాట్లాడతారు. ఈ నాలుగోది మనకు ముఖ్యం. గోడలకు రంగు వేయించొచ్చు, రిజిస్టర్లు నింపించొచ్చు. రోగి మాటను అలా తయారు చేయడం అంత తేలిక కాదు.

ఈ నిఘా ఊరికే రాలేదు, ఆడవాళ్ల ప్రాణాల మీదుగా వచ్చింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు అడ్డదిడ్డంగా జరుగుతున్నాయన్న కేసులో 2005లో సుప్రీంకోర్టు రాష్ట్రాల్లో, జిల్లాల్లో నాణ్యతా కమిటీలు పెట్టాలని ఆదేశించింది. అయినా 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో ఒకే క్యాంపులో 83 మందికి ఆపరేషన్లు చేస్తే పదిమందికి పైగా చనిపోయారు. 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ కల్పించుకుని, మూడేళ్లలో క్యాంపుల పద్ధతినే మానేయాలని చెప్పింది.

ఆ గడువు దాటిన మూడేళ్లకు మన పక్క రంగారెడ్డి జిల్లాలో ఏం జరిగిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. 2022 ఆగస్టు 25న ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో 34 మంది మహిళలకు ఒకే రోజు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు చనిపోయారు. మిగతావాళ్లను హైదరాబాద్‌కు తరలించి వైద్యం చేయాల్సి వచ్చింది. ఇన్ఫెక్షనే కారణమని తేలింది. కాగితం మీద ప్రమాణం ఉంది, కమిటీ ఉంది, కోర్టు తీర్పు ఉంది. లేనిదల్లా ఆ రోజు, ఆ గదిలో 'ఆగండి' అని చెప్పే మనిషి.

ఎన్‌క్వాస్‌లో ఉన్న లోటు కూడా ఇదే. సర్టిఫికెట్ కోసం ఆసుపత్రి ముందుగా సిద్ధమవుతుంది, తనిఖీ తేదీ ముందే తెలుస్తుంది. ఆ రెండు మూడు రోజులు అంతా తళతళలాడుతుంది. మిగతా ఏడాది డ్యూటీలో డాక్టర్ ఉన్నాడా, పరికరాలు సరిగ్గా స్టెరిలైజ్ చేశారా అన్నది రోజూ చూడాల్సింది అక్కడి సిబ్బంది, రోజూ కనిపెట్టగలిగేది అక్కడికి వెళ్లే మనం.

మన ఇళ్లకు సంబంధించిన ఒక సంగతి చాలామందికి తెలియదు. రోగి హక్కుల విభాగంలో స్త్రీల అవసరాలు, మతం, సంస్కృతి పట్ల గౌరవంతో సేవ చేయాలని స్పష్టంగా రాసి ఉంది. పరీక్ష చేసే చోట పర్దా ఉండాలి. మగ డాక్టర్ ఆడమనిషిని పరీక్షిస్తుంటే పక్కన మహిళా సిబ్బంది ఉండాలి. సంతకం తీసుకునే ముందు విషయం అర్థమయ్యే భాషలో చెప్పాలి. మన అమ్మీలు, ఖాలాలు అడగడానికి మొహమాటపడేది వీటినే. ఇవి ఎవరో దయతలచి ఇచ్చేవి కావు, ఆసుపత్రికి మార్కులు తెచ్చేవి, పోగొట్టేవి. 2017 నుంచి తెలంగాణలో ఉర్దూ రెండో అధికార భాష. తెలుగు చదవడం రాని పెద్దవాళ్లున్న ఊళ్లో ఆసుపత్రి బోర్డులు ఉర్దూలోనూ పెట్టాలని అడగడంలో తప్పేమీ లేదు.

మరి ఏం చేయొచ్చు? సంతకానికి ముందు ఒక్క నిమిషం ఆగి, ఏ ఆపరేషన్, ఎందుకు, ప్రమాదం ఏమిటి అని అడగాలి. ఓపీ చీటీలో సొంత ఫోన్ నంబరే రాయించాలి. 2016లో కేంద్రం మొదలుపెట్టిన 'మేరా అస్పతాల్' పద్ధతిలో రోగి అభిప్రాయం అడిగేది ఆ నంబర్‌కే. మెసేజ్ వస్తే చెరిపేయకుండా జవాబివ్వాలి. లోపం కనిపిస్తే తేదీ, సమయం, వార్డు రాసిపెట్టుకుని మొదట సూపరింటెండెంట్‌కు, అక్కడ పని కాకపోతే సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో అర్జీ ఇవ్వాలి. జిల్లా నాణ్యతా కమిటీకి అధ్యక్షుడు కలెక్టరే కాబట్టి, ఆ అర్జీ సరైన చోటుకే చేరినట్టు. మసీదు కమిటీలు, యువజన సంఘాలు కలిసి ఇంకో పని చేయొచ్చు. మన దవాఖానాకు చివరిసారి మదింపు ఎప్పుడు జరిగింది, ఏ విభాగంలో ఎన్ని మార్కులు వచ్చాయి అని సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ముఖ్యంగా ఇన్ఫెక్షన్ నివారణ, రోగి హక్కులు అన్న రెండు విభాగాల మార్కులు అడిగి తీసుకుని, ఊళ్లో అందరికీ తెలిసేలా చదివి వినిపించాలి.